రెడ్డిగూడెపు సంక్రాంతి: ఇచ్చుటలోని మర్యాద

ఈ యేటి సంక్రాంతికి మేము రెడ్డిగూడెము పోయితిమి. మా పెద్దమ్మగారి కుమార్తె కాపురమున్న యూరది. “చెల్లీ! పట్టణములో మేడమీద నాలుగు గీతలు గీచి ముగ్గని తృప్తిపడుట యెన్నాళ్లు? ఈ మారు మా వాకిలి తొక్కవలసినదే” యని మా అక్కగారు రెండు మూడేండ్లుగా పిలుచుచునే యుండిరి. భోగికి ముందునాటి యుదయమున విజయవాడలో బస్సెక్కితిమి. దారిలో కొండపల్లిలో దిగి, పిల్లలకొరకు ఒక బొమ్మల యంగడి చూచితిమి. తెల్లపొణికి కర్రతో చెక్కి, రంగులు పూసిన దశావతారములును, ఏనుగు అంబారీలును వరుస తీరియుండెను. మేమొక గంగిరెద్దు బొమ్మను ఎంచుకొని, ముప్పది రూపాయలు తగ్గించువరకు బేరమాడి, గెలిచితిమను సంతోషముతో తిరిగి బస్సెక్కితిమి. ఆ ముప్పది రూపాయల మాట మరల చెప్పవలసి వచ్చును గనుక చదువరులు దానిని జ్ఞప్తియం దుంచుకొన గోరెదము.

మైలవరము దాటిన తరువాత భూమి రంగు మారును. ఎర్రనేలలు, చిన్న గుట్టలు, వాని నడుమ కనుచూపుమేర మామిడితోటలు. ఈ ప్రాంతమును నూజివీడును కలిసి మామిడికి పెట్టినది పేరు. బంగినపల్లి, చిన్నరసము, కొత్తపల్లి కొబ్బరి అని ఇచ్చటి పిల్లలు సైతము ఆకును చూచి జాతి చెప్పగలరు. మేము పోయినప్పుడు కొమ్మకొమ్మకు పూత దిగి, తోటలనుండి తీపి పులుపులు కలిసిన వాసన రోడ్డుమీదికి వచ్చుచుండెను. 2022వ సంవత్సరము ఏప్రిలులో జిల్లాలను విభజించినప్పుడు ఈ మండలము కృష్ణాజిల్లా నుండి విడివడి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఊరివారికి మాత్రము జిల్లా పేరుకంటె పూత నిలుచునా, మంచు కురిసి మాడునా యనునదే పెద్ద ప్రశ్న. మామిడి రైతు బ్రతుకే సగము జూదమని మా బావగారు నవ్వుచు చెప్పిరి. ఆ మాట విని మా అక్కగారి ముఖము చిన్నబోయినది. కారణము మాకు సాయంకాలము తెలిసినది.

మా అక్కగారి రెండవ కుమార్తె గోవాలో ఉద్యోగము చేయుచున్నది. హోటలు నిర్వహణ చదువుకొని అచ్చటికి పోయినదని మాత్రమే మేము వినియుంటిమి. పండుగకు సెలవుపెట్టి, అమరావతి ఎక్స్‌ప్రెస్సులో విజయవాడకు వచ్చి, మాకంటె ఒకనాడు ముందే యింటికి చేరినది. ఆమె పని చేయునది హోటలులో కాదు. పణజి నగరము ప్రక్క మాండవీ నదిలో లంగరు వేసియున్న ఓడమీది కేసినోలో. పేకముక్కలు పంచుట, పందెపు బిళ్లలు లెక్కించుట ఆమె పని. అట్టివారిని డీలరులందురు. గోవాలో 1976వ సంవత్సరపు జూదపు చట్టమును తరువాత సవరించి, పెద్ద హోటళ్లలో జూదపు యంత్రములకును, నీటిమీది ఓడలలో బల్ల యాటలకును అనుమతి నిచ్చిరి. కావున ఆ పిల్ల చేయునది అచ్చట చట్టసమ్మతమైన ఉద్యోగమే. అయినను రెడ్డిగూడెములో ఇరుగుపొరుగువారికి “ఓడలో లెక్కలు చూచును” అని చెప్పి, మా అక్కగారు మాట మార్చుచుండిరి.

ఆ రాత్రి మా అక్కగారు మమ్ము లోపలిగదికి పిలిచి బీరువాలోని రేకుపెట్టె తెరచి చూపిరి. అందు నోట్లకట్ట లుండెను. “దీని జీతము బ్యాంకులో పడును. దానితో తోట అప్పు తీర్చుచున్నాము. ఇవి మాత్రము జూదరులు ఇచ్చిన టిప్పు డబ్బులు. నెలనెల పంపును. నేను ముట్టుకొనలేదు. ఏ రూపాయి ఏ యింటి ఇల్లాలి కన్నీరో యెవరికి తెలియును? నీవు చదువుకొన్న దానవు, చెప్పుము చెల్లీ! ఇది సంపాదనయా, పాపమా?” అని అడిగిరి. మాకు ఉత్తరము తోచలేదు. ఆ ప్రశ్ననే మనసున పెట్టుకొని నిద్రించితిమి.

మరునాడు భోగి. మంట వేసి, పిల్లలకు తలంటి పోయుచుండగా వీధిలో చిడతల చప్పుడు వినబడినది. హరిదాసు వచ్చెను. తలమీద అక్షయపాత్ర, చేత తంబుర, కాలికి గజ్జెలు. అతడు ఎవరిని యాచింపడు. నడుమ ఎవరితోను మాటాడడు. గుమ్మము ముందు వంగును. ఇంటి పిల్లలు దోసెడు బియ్యము ఆ పాత్రలో పోయుదురు. అతడు చేయి చాచడు, ఎంత పోసిరో చూడడు. గంపెడు పోసినను గుప్పెడు పోసినను పాట ఒక్కటే. ఇదంతయు చూచుచు మా ప్రక్క నిలుచున్న అక్కగారి కూతురు “పిన్నీ! మా బల్లయొద్ద పద్ధతియు అచ్చముగా నిట్టిదే” అన్నది. మేము ఆశ్చర్యపడితిమి. వాకిటి అరుగుమీద కూర్చుండి ఆ పిల్ల చెప్పిన సంగతులు వినిన కొలది మా ఆశ్చర్యము పెరిగినది.

డీలరు టిప్పు అడుగరాదు. సూచనగా చూడనుకూడదు. ఇచ్చువాడు చేతిలో పెట్టరాదు; బల్లమీద పెట్టవలెను. పెట్టిన బిళ్లను డీలరు అందరును చూచునట్లు బల్లపై తట్టి, ధన్యవాదము చెప్పి, మూతవేసిన పెట్టె సందులో జారవిడుచును. బల్ల విడిచి పోవునప్పుడు రెండు చేతులు తట్టి, అరచేతులు తిప్పి చూపవలెను; వ్రేళ్ల నడుమ ఏమియు దాచుకొనలేదని దాని యర్థము. పైన కెమెరా కన్ను రేయింబవళ్లు చూచుచునే యుండును. పెట్టెలోని సొమ్ము ఆమెది కాదు. అందరి పెట్టెలును కలిపి, లెక్కకట్టి, పనివారందరికి పంచుదురు. “ఒకడు నన్ను చూచి నవ్వుచు వేయి రూపాయల బిళ్ల పెట్టినను నాకు వచ్చునది అందులో చిన్న పాలు. అది నాకు నష్టమని మొదట ఏడ్చితిని. తరువాత తెలిసినది, పిన్నీ! ఆ పెట్టె నాకును వానికిని నడుమ గోడ. వాడు ఇచ్చినది నాకు కాదు గనుక నేను వానికి ఋణపడలేదు” అన్నది. ఇరువది నాలుగేండ్ల పిల్ల నోట ఈ మాట విని మేము నివ్వెరపోతిమి.

ఈ మర్యాదలు దేశదేశమునకు వేరుగ నుండును. ఐరోపాలోని పాత జూదశాలలలో తిరుగుడు చక్రపు ఆటయందు ఒక్క అంకెమీద పందెము కాచి గెలిచినవాడు ఒక బిళ్లను ఉద్యోగులకని విడుచుట చిరకాలపు ఆచారము. జర్మనీలో అట్టి సొమ్మంతయు ఒక ఉమ్మడి పెట్టెలో చేరి, దానినుండియే జీతములలో పెద్దభాగము వచ్చును. అమెరికాలోని లాస్ వేగాస్ నగరమున డీలరుకు జీతము స్వల్పము, టిప్పులే జీవనము. ఆస్ట్రేలియా, సింగపూరు దేశములలోనో, బల్లయొద్ద ఉద్యోగి టిప్పు పుచ్చుకొనుటయే నిషిద్ధము. పుచ్చుకొన్న చేయి పక్షపాతము చేయునేమో యని ఆ చట్టముల భయము.

మన దేశమున కిది కొత్తయనుకొనరాదు. కౌటిల్యుని అర్థశాస్త్రములో జూదశాలను రాజోద్యోగి చూడవలెననియు, గెలిచిన సొమ్ములో నూటికి అయిదు పాళ్లును, పాచికలకు అద్దెయు, నీటికిని చోటికిని రుసుమును పుచ్చుకొనవలెననియు నిర్ణయించియున్నది. జూదశాల నడపువానికి సభికుడని పేరు. శూద్రకుని మృచ్ఛకటికము చదివిన సోదరీమణులకు మాథురుడను సభికుడు జ్ఞప్తికి రావచ్చును. పది సువర్ణములు ఓడి పరుగెత్తిన సంవాహకుని అతడు వీధులవెంట తరుమును. వసంతసేన తన చేతి కంకణము పంపి ఆ దీనుని ఋణవిముక్తుని చేయును. అతడు జూదము మాని భిక్షువగును. ఇన్నూరు పందెములలో రాని మార్పు ఒక స్త్రీ యిచ్చిన కంకణముతో వచ్చినది.

ఇక గెలిచినవాడు పంచినవానికి ఎందులకు ఇచ్చును? ముక్క మంచిదగుటలో డీలరు ప్రజ్ఞ యేమియు లేదు. మంచి ముక్క నిచ్చు శక్తియే యున్నచో అతడు మొదట ఉద్యోగము పోగొట్టుకొనును. ఈ ప్రశ్న 1976వ సంవత్సరములో అమెరికాలో ఒక అప్పీలు న్యాయస్థానము ముందుకు వచ్చినది. లాస్ వేగాసులోని ఓల్క్ అను డీలరు, తనకు వచ్చునవి బహుమానములు గాన వానికి ఆదాయపు పన్ను లేదని వాదించెను. ఆటగాండ్రలో నూటికి అయిదుగురో పదుగురో మాత్రమే ఇత్తురనియు, ఇచ్చినను ఇయ్యకున్నను డీలరు అందరిని సమానముగ చూడవలసినదే యనియు విచారణలో తేలెను. కాని న్యాయమూర్తులు ఆ వాదము నంగీకరింపలేదు. జూదరి పెట్టునది నిష్కామముగ నిచ్చిన కానుక కాదు, అదృష్టదేవతకు ముడుపు, తిరిగి యినుమడిగా రావలెనను కోరికతో పెట్టునది, కావున అది పన్నుకు లోబడిన సంపాదనయే యని తీర్పు చెప్పిరి. భగవద్గీత పదునేడవ అధ్యాయములో ప్రత్యుపకారము కోరని దానము సాత్త్వికమనియు, ఫలము కోరి యిచ్చునది రాజసమనియు చెప్పబడిన భేదము ఆ సముద్రపు టావలి న్యాయస్థానములో మరియొక భాషలో పలుకుట వింతగానున్నది.

సంక్రాంతినాటి మధ్యాహ్నము మేము తోటకు పోవుచుండగా, దారిలో ఒకచోట, ఊరు పేరు చెప్పుట అనవసరము, జనము మూగియుండిరి. నడుమ కోడిపందెము, ప్రక్కన గుండాట. 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టమును, 1974వ సంవత్సరపు మన రాష్ట్ర జూదపు చట్టమును రెండును వీనిని నిషేధించినవి. పేక రమ్మీ నేర్పుతో కూడిన ఆటయని సుప్రీముకోర్టు 1967లో సికిందరాబాదు క్లబ్బు నొకదానిని గూర్చిన వ్యాజ్యములో చెప్పినది గాని, గుండాట కట్టి మన్ననయు లేదు. గుడ్డమీద ఆరు బొమ్మలు, డబ్బాలో పాచికలు, తక్కినది గుండె దడ.

అచ్చట మా అక్కగారి పొరుగింటి గృహస్థును చూచితిమి. తోట కౌలుకని దాచిన సొమ్ము తెచ్చెనని తరువాత తెలిసినది. ఒక పందెము వచ్చినది. వెంటనే అయిదువందల నోటు తీసి, నలుగురు చూచునట్లు డబ్బా ఊపువాని జేబులో కుక్కి, “ఉంచుకోరా! నీ చేయి మంచిది” అని భుజము తట్టెను. చుట్టునున్నవారు కేకలు వేసిరి. ఆ క్షణమున అతడు జమీందారు. గంట గడచులోపల కౌలు సొమ్మంతయు గుడ్డమీదనే మిగిలినది. నోటు పుచ్చుకొన్నవాడు తల యెత్తి చూడనైన లేదు. ఆ గృహస్థు ఇల్లాలు రెండు దినములకు ముందే పిల్లకు పరికిణీ గుడ్డకని మూడువందలు అడుగగా ఇంటిలో పైసలేదని కసరెనట.

సోదరీమణులారా! ఈ చిక్కును మేము ఆలోచించితిమి. బల్లయొద్ద ఔదార్యము, ఇంటియొద్ద పిసినితనము ఒకే మనిషియం దెట్లుండును? గెలిచిన సొమ్ము మనసునకు సొమ్ముగ తోచదు, దారిలో దొరికినట్లుండును, చేయి సులభముగ విడుచును. రెండవది, ఇచ్చునప్పుడు చూచు కన్నులు కావలెను. పూర్వము నాటకశాలలలో పద్యము బాగున్నదని నోటు పంపి, తన పేరు చదివించుకొను ప్రభువులును ఈ కోవలోనివారే. మూడవది భయము. అదృష్టము అలుగునేమో యని ముడుపు. ఇల్లాలు అడిగినది మాత్రము ఋణము; ఋణము తీర్చుటలో కేకలు లేవు, చప్పట్లు లేవు.

ఈ ఔదార్యమునకు లెక్కయు కలదు. ఆ పిల్ల కాగితముమీద వేసి చూపినది. తిరుగుడు చక్రములో ముప్పదియేడు గదులు. ఒక అంకె గెలిచినచో పందెమునకు ముప్పదియైదు రెట్లు ఇత్తురు. సగటున నూరు రూపాయలకు జూదశాలకు మిగులునది రెండు రూపాయల డెబ్బది పైసలు. గెలిచిన ప్రతిసారియు ఒక బిళ్ల టిప్పుగా విడుచువానికి నష్టము సరిగా రెండింతలగును. నూటికి అయిదు రూపాయల నలుబది పైసలు. జూదశాల తీసికొన్నంత సొమ్మును అతడు తన చేతులారా మరల నిచ్చుచున్నాడు. “అయినను మాకు జీతము చాలదు గనుక అది వద్దని మేము కోరలేము. ఇదియే మా చిక్కు” అని తల వంచుకొన్నది.

మన పెద్దలకాలపు వీధిబడి పంతులుగారి బ్రతుకును ఇట్టిదే. నెలజీతము లేక, దసరాకు పిల్లలచేత విల్లంబులు పట్టించి ఇంటింటికి తిరిగి, గృహస్థులు పెట్టినదానితో సంవత్సరము గడపుకొనెడివారు. మర్యాదపేరిట జీతము నెగవేయుట లోకమున కొత్తది కాదు. ఆచారమని యర్థమున్న ‘మామూలు’ అను మంచిమాట నేడు కచ్చేరీలలో లంచమునకు మారుపేరైనది. ఇచ్చుటకు పేరు మారినకొలది గుణమును మారుచుండును.

ఆ రాత్రి ఆ పిల్ల మరియొక సంగతి చెప్పినది. ఒకనాటి తెల్లవారుజామున ఒక పెద్దమనిషి, వయస్సున మా బావగారివంటివాడు, ఆమె బల్లయొద్ద ఉన్నదంతయు ఓడి, చివరి బిళ్లను ఆమె ముందుకు తోసి, “నీవైన సుఖముగ నుండుము తల్లీ” అని లేచిపోయెనట. “పిన్నీ! అంతకుముందే ‘చాలునండీ, ఇంటికి పొండు’ అని నోటిదాక వచ్చినది. అట్లనుట మాకు నిషిద్ధము. బిళ్లను తిరిగి యిచ్చుటయు నిషిద్ధమే. బల్లపై తట్టి, ధన్యవాదము చెప్పి, పెట్టెలో వేసితిని. ఆ ధన్యవాదము నేటికిని నా చెవిలో మ్రోగుచున్నది” అని కంటనీరు పెట్టుకొన్నది. గదిగుమ్మమున నిలిచి మా అక్కగారు ఇది వినిరని మే మెరుగము. ఆమె లోపలికి వచ్చి, మూడేండ్లుగా అడుగని ప్రశ్న ఆనాడు అడిగిరి: “తల్లీ! రాత్రంతయు నిలుచుండియే పంచవలెనా? కాళ్లు నొప్పిపుట్టవా?” ఆ పిల్ల తల్లి ఒడిలో తల పెట్టుకొన్నది. మేము వెలుపలికి వచ్చితిమి.

కనుమనాడు మా అక్కగారు రేకుపెట్టె తెరచి కొంత సొమ్ము తీసి, పెరటి గోడయొద్ద పొరుగింటి ఇల్లాలిని పిలిచిరి. దానమనలేదు, జరిగినది విన్నాననియు అనలేదు. “వదినా! వేసవిలో మా ఆవకాయకును తాండ్రకును నీ చేయి కావలెను. పోయిన యేడు నీవు పోసిన తాండ్ర వంటిది ఈ మండలములో లేదు. ఇది బయానా. ముందుగ పుచ్చుకొన్నచో వేరెవరికిని ఒప్పుకొనవు గదా” యనిరి. ఆమె ఒక నిమిషము మా అక్కగారి ముఖము చూచి, కొంగున ముడివేసికొని, “ఉప్పు కారము నేనే చూచుకొందును, మీరు కాయ మాత్రము మంచిది తెప్పించుడు” అన్నది. తల యెత్తియే అన్నది. వసంతసేన కంకణము మాకు జ్ఞప్తికి వచ్చెను.

“ఇది సంపాదనయా, పాపమా?” అను ప్రశ్నకు మేము తెచ్చిన ఉత్తరము ఇంతే. నిలుచుండి, నిద్రకాచి, చేతులు శుభ్రముగ చూపి పుచ్చుకొన్నది ఆ పిల్ల సంపాదనయే. దానిలో ఆమె దోషము లేదు. ఆ సొమ్ము వచ్చిన దారిలో కన్నీళ్లున్నవను నెరుక మా అక్కగారిది. అదియు అబద్ధము కాదు. ఆ యెరుకతో ఆ సొమ్ము నెట్టి చోటికి పంపుదుమను నది గృహిణి చేతిలో నున్నది. ఆ పిల్ల యుద్యోగము విడుచునా లేదా యనునది ఆ మూడు దినములలో తేలలేదు. తోట అప్పు ఇంకను రెండేండ్లున్నది. కాని ముక్కనుమనాడు పొరుగామె “అమ్మాయి యేమి చేయును?” అని అడుగగా, మా అక్కగారు మాట మార్చక “కేసినోలో ముక్కలు పంచును” అని చెప్పుట మేము చెవులార వింటిమి.

మనయింటికి వచ్చు గ్యాసుబండ పనివానికిని, భోజనశాలలో వడ్డించువానికిని, పండుగనాడు పాకీపని చేయువారికిని ఇచ్చునప్పుడు మనకును కొన్ని మర్యాదలు కలవు. ముందు కూలి పూర్తిగ నిచ్చి, పిమ్మట ఈనాము మాట తలపవలెను. నలుగురు చూచునట్లు కాక, చేతికి లజ్జ కలుగకుండ నియ్యవలెను. ఇచ్చితిమి గదా యని అదనపు వినయమును కోరరాదు. ఇంటివారి ఋణము తీర్పక వీధిలో ఔదార్యము చూపరాదు.

తిరుగు ప్రయాణములో కొండపల్లిలో మరల దిగితిమి. బొమ్మల యంగడికి పోయి, ఆ ముప్పది రూపాయలు ఈనామని ఇచ్చుటకు సిగ్గుపడి, మరియొక గంగిరెద్దును చెప్పిన ధరకే కొంటిమి. అంగడివాడు మమ్ము గుర్తుపట్టి, “ఈ మారు బేరమాడలేదేమమ్మా?” అని నవ్వెను. మేమును నవ్వితిమి.